మధ్యాహ్నపు పొట్టి గీతలు

"లేవండి, అది నా కుర్చీ," అంది కొత్తగా చేరిన అమ్మాయి.

"ఒక్క నిమిషం ఆగుదాం," అన్నాడతను, స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ బ్రోకర్ ఆఫీసులో అతన్ని అందరూ 'ఆగుదాం' అనే పిలుస్తారు. మార్కెట్ ఇండెక్స్ ఎంత ఎగిరినా, చార్ట్ అడుగున ఎన్ని షేర్లు చేతులు మారాయో చూపే వాల్యూమ్ గీతలు నిలువుగా లేచేదాకా అతను కొనడు, అమ్మడు.

"ధర ఒక్కటే పెరిగితే నమ్మకూడదండీ," అని ఆమెకు పని నేర్పాడు. "వెనక జనం ఉన్నారో లేదో ఈ గీతలే చెబుతాయి."

"మరి ఈ పొట్టివేమిటి?"

"భోజనాల వేళవి. అప్పుడు ఏం కదిలినా లెక్కలోకి తీసుకోను. చివరి గంటలో జనం తిరిగొస్తారు. అప్పుడు నమ్మొచ్చు."

"అంటే మధ్యాహ్నం పూట నిజం చెప్పినా నమ్మరన్నమాట, ఆగుదాం గారు."

అతను నవ్వాడు. ఆ రోజు నుంచి చార్ట్ కంటే స్క్రీన్ అంచున కనిపించే ఆమె నీడనే ఎక్కువ చూశాడు. అయినా పెదవి విప్పలేదు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, ఒక్క సూచన ఇవ్వు స్వామీ అని మాత్రం అడిగేవాడు.

ఒక మధ్యాహ్నం బయట వాన. అందరూ భోజనాలకు లేచారు. ఆమె లేవలేదు.

"మా అత్తయ్య సంబంధం చూసింది. సాయంత్రంలోగా ఫోన్ చేస్తుంది. ఏం చెప్పమంటారు?"

అతను చార్ట్ వదిలి ఆమె వైపు తిరిగాడు. నోరు మాత్రం అలవాటైన దారినే పోయింది.

"మధ్యాహ్నం మాట కదండీ. చివరి గంటదాకా ఆగుదాం."

ఆమె నవ్వింది, కాస్త ఆలస్యంగా.

చివరి గంటలో ఇండెక్స్ ఒక్కసారిగా లేచింది. గీతలు నిలువెత్తున లేచాయి. ఆర్డర్ల మీద ఆర్డర్లు. మార్కెట్ మూశాక అతను తల తిప్పేసరికి ఆమె ఫోన్ పెట్టేస్తోంది.

"సరేనన్నాను."

"నేను చెబుదామనే... మీరంటే నాకు..."

"తెలుసండీ. మీరేమో వెనక జనం కోసం చూశారు. నా వెనక ఎవరున్నారు? నేనొక్కదాన్నే. ఒక్క మనిషి కొంటే గీత పొట్టిగానే ఉంటుంది కదా."

"ఇప్పుడు కాదనలేరా?"

"అత్తయ్య సంతోషంతో ఏడ్చింది. కన్నతల్లిలా పెంచిన మనిషి. ఎలా కాదనను?"

శుభలేఖ ఇవ్వడానికి ఆ అత్తయ్యే ఆఫీసుకు వచ్చింది. "నీకూ మంచి పిల్ల దొరకాలి నాయనా," అని అతని తల మీద చెయ్యి పెట్టింది. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి గొడుగు విప్పుతూ ఉండిపోయింది.

దేవుడు సూచన ఇవ్వలేదని అనుకోవడానికి లేదు. ఇచ్చాడు. మధ్యాహ్నం పూట ఎందుకిచ్చాడో అతనికి ఇప్పటికీ అర్థం కాదు.

భోజనాల వేళ అందరూ లేచినా అతను లేవడు. పొట్టి గీతలు ఒక్కొక్కటే పడుతుంటాయి. దేని వెనక ఏ ఒంటరి మనిషి ఉన్నారోనని చూస్తూ కూర్చుంటాడు.