ఇలీనాకి గొంతిచ్చిన పిల్ల

"ఆ అమ్మాయి 'నిన్ను చంపేస్తాను' అనలేదండీ. 'నీకోసం ఎదురు చూస్తాను' అంది."

వానలో తడిసి, చీర కొంగు పిండుకుంటూ కెజియా అన్న మొదటి మాట అది. కాశీబుగ్గలో పోలయ్య కేబుల్ ఆఫీసు మేడ మీద, వీసీఆర్ ముందు కూర్చున్న షాలేమ్ రాజు తలెత్తి చూశాడు.

"ఎవరండీ మీరు?"

"ఇంగ్లీషు టీచర్ని. ఆదివారం మీ సీరియల్ చూసి, సోమవారం పిల్లలు ఆ తప్పులన్నీ నా క్లాసుకి మోసుకొత్తన్నారు."

"ఆ పిల్ల చేతిలో తుపాకీ ఉందండీ. తుపాకీ పట్టుకుని ఎదురు చూత్తాననడమేటి?"

"ఆవిడ గూఢచారి. తుపాకీ ఉంటాది, ప్రేమా ఉంటాది. ఆవిడ కష్టమే అది."

రాజు కాసేపు టీవీకేసి, కాసేపు ఆమెకేసి చూశాడు. "ఇన్నాళ్ళూ ఆడగొంతులు కూడా నేనే చెప్తున్నాను. ఆ కష్టమేదో మీరొచ్చి చెప్పకూడదా?" అన్నాడు.

అది రెండువేల రెండు, జూన్ నెల. ఆ సీరియల్ పేరు 'ఏడో చంద్రుడు'. ఎక్కడో ఆకాశంలో నీళ్ళకి కరువొచ్చిన ఒక చంద్రుడు, దానికో గవర్నరు, పొరుగు గ్రహం నుంచి వచ్చిన రాయబారి. వాళ్ళిద్దరి మధ్య మాటలు మార్చి చెప్పే దుబాసీ ఇలీనా. రాయబారి రహస్యాలు గవర్నరుకి చేరవేసేదీ ఆమే, ఆ రాయబారిని ప్రేమించిందీ ఆమే. ఇంగ్లీషు క్యాసెట్లకి రాజు తెలుగు మాటలు రాసేవాడు. శనివారం రికార్డింగు, ఆదివారం నాలుగింటికి లోకల్ ఛానెల్లో ప్రసారం. ఆ వారం నుంచి ఇలీనా గొంతు కెజియాది.

రాజుకి ఇంగ్లీషు తక్కువ, చిలిపితనం ఎక్కువ. గవర్నరు నోట "సూద్దాం, సేద్దాం" అన్న మాట పెట్టాడు. ఆ మాట ఊళ్ళో పెద్దమనిషి నారాయణరావుది. చుట్టుపక్కల ఉద్దానం పల్లెలకి మంచినీళ్ళు ఎప్పుడని ఎవరడిగినా ఆయన అనేది అదే. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. జీడిపప్పు బట్టీల్లో ఆడవాళ్ళు పిక్కలు కొడుతూ "సూద్దాం, సేద్దాం" అనుకుని నవ్వుకునేవారు.

కెజియా కూడా నవ్వేది. ఉద్దానం పల్లెలో ఇంటికెళ్తే నవ్వు ఉండేది కాదు. తండ్రి దేవదానానికి కిడ్నీలు పాడయ్యాయి. ఆ వీధిలో అప్పటికే అదే జబ్బుతో ముగ్గురు పోయారు; అంతా బావి నీళ్ళ వల్లేననేవారు. కాళ్ళు వాచి, వసారాలో మంచం మీద కూర్చుని ఆయన కూతురి గొంతు టీవీలో వినేవాడు. "మాయమ్మ గొంతే," అని భార్య నయోమితో అనేవాడు.

విశాఖలో డయాలసిస్ మిషన్లు తక్కువ, వరస పెద్దది. నాయకుడి ఉత్తరం ఉంటే వరస ముందుకు జరుగుతుందన్నారు. కెజియా నారాయణరావు ఇంటికెళ్ళింది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ఉత్తరం ఇత్తానమ్మా. నెలనెలా ఇత్తాను. ఆ కుర్రోడు రాసిన కాయితాలు శుక్రవారం నాకొకపాలి సూపించు. అంతే."

ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు. శుక్రవారం కాగితాలు ఇచ్చింది.

శనివారం రికార్డింగుకి వెళ్ళేసరికి పోలయ్య మండిపడుతున్నాడు. నారాయణరావు మనుషులొచ్చి, ఆ వారం గవర్నరు చేసే నీళ్ళ ఉపన్యాసం తీసెయ్యకపోతే కేబుల్ తీగలుండవని చెప్పి వెళ్ళారట. "ఇంకా రికార్డింగే అవలేదు. ఆళ్ళకెలా తెలిసిందిరా?" అన్నాడు. రాజు పెన్ను తీశాడు. ఆ ఉపన్యాసం కొట్టేసి, "పద, మొదలెడదాం," అన్నాడు కెజియాతో. ఆ రోజు ఇలీనా మాటలు ఆమె తప్పు చెప్పి, రెండుసార్లు మళ్ళీ రికార్డు చెయ్యాల్సొచ్చింది.

ఆ తర్వాత సీరియల్ చప్పబడిపోయింది. గవర్నరు మంచివాడైపోయాడు. "భయపడ్డావేటి రాజూ?" అని టీ కొట్టు దగ్గర గుచ్చేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. కెజియా మాత్రం లోపల కుమిలిపోతూనే హాయిగా ఊపిరి పీల్చుకుంది. చప్పటి కాగితాలే నారాయణరావుకి ఇచ్చేది. ఉత్తరాలు వచ్చేవి. తండ్రిని వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కించి తీసుకెళ్ళేది. స్టేషన్లో ఆయన చంక కింద చెయ్యేసి ఎక్కించేది చాలాసార్లు రాజే. "మావా, మెల్లిగా," అనేవాడు. రైలు కదిలేదాకా వానలో నిలబడి ఆమెకేసి చూసేవాడు. ఆమె చూపు తిప్పుకునేది.

సెప్టెంబరు చివర్లో ఒక తెల్లవారుజామున, ఇంట్లోనే, దేవదానం పోయాడు.

ఇరవై రోజుల తర్వాత కెజియా మేడ మెట్లెక్కింది. రాజు ఒక్కడే ఉన్నాడు.

"కాయితాలు నారాయణరావుకి ఇచ్చింది నానే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచి. ఆ కాపీ నీ దగ్గరా నా దగ్గరా తప్ప ఎక్కడా లేదు."

"మరి అడగలేదేటి?"

"అడిగితే మానేత్తావు. మానేత్తే మావకి ఉత్తరం రాదు. అందుకే ఆయనకి కోపం రాని మాటలే రాశాను."

కెజియా గోడకానుకుని నిలబడిపోయింది. తర్వాత కన్నీళ్ళతో పాటు కోపమూ వచ్చింది. "తెలిసీ నాతో అలా ఎలా నవ్వగలిగావు? మా నాన్న కోసం నువ్వు పిరికోడివనిపించుకున్నావు. నన్ను మాత్రం మూడు నెలలు దొంగలా బతకనిచ్చావు. స్టేషన్లో నీ మొహం సూడలేక సచ్చిపోయాను."

"అది నేనాలోచించలేదు," అన్నాడు రాజు.

ఆమె కళ్ళు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది. "ఆఖరి భాగం ఉంది గదా. గవర్నరు మాటలు ఈపాలి నాను రాస్తాను."

ఆమె ఏమీ కలపలేదు. ఇంగ్లీషులో ఉన్నదే తెలుగులో పెట్టింది. జనం చనిపోతున్నారని ఇలీనా నిలదీస్తే గవర్నరంటాడు: "నీళ్ళు మంచివే. జబ్బు వాళ్ళ ఒంట్లో ఉంది." రాజు ఆ మాట చెప్పాడు. కెజియా ఇలీనాగా, "ఆ నీళ్ళు ఒక గ్లాసు తాగి చెప్పండి," అంది. మళ్ళీ రికార్డు చెయ్యాల్సిన పని పడలేదు.

ఆదివారం బట్టీల దగ్గర, కొట్ల ముందు జనం గుమిగూడి చూశారు. ఎవరూ నవ్వలేదు. సోమవారం పొద్దుటికి స్టేషన్ రోడ్డు పొడుగునా కేబుల్ తీగలు తెగి బురదలో పడున్నాయి. పోలయ్య ఛానెల్ మూసేసి, రాజుని రావద్దన్నాడు.

వారం తిరగకుండా రాజు ఉద్దానం పల్లెకి వచ్చాడు. జీడితోటల మీద ముసురు పట్టి ఉంది. నయోమి పీట వేసింది. కెజియా తలుపు వెనక నిలబడింది.

"కెజియాని సేసుకుంటానత్తా," అన్నాడు తల వంచుకుని.

"ఉద్యోగం పోయిందంట."

"టెక్కలిలో కంప్యూటర్ సెంటర్లో రమ్మన్నారు. జీతం తక్కువే."

నయోమి అతన్ని తేరిపార చూసింది. "నా కూతురు నీ కాయితాలు ఆయనకిచ్చింది. రేపు పిల్లాడికి జొరమొస్తే మళ్ళీ అలాటి పనే సేత్తాది. తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే. ఈపాలి ముందు నాకు సెప్తాది. ఇవ్వాల్సొస్తే ఇద్దరం ఎల్లి ఇత్తాం."

నయోమికి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో, కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆయనుంటే ఒప్పుకునేవోడు," అని లేచి పొయ్యి దగ్గరికెళ్ళింది. "తిని ఎల్లు. పులుసు ఎచ్చబెడతాను."

కెజియా తలుపు వెనక నుంచి బయటికొచ్చింది. "నన్నెవరూ అడగరేటి?"

"అడుగుతున్నాను," అన్నాడు రాజు లేచి నిలబడి.

"అయితే ఒక్క మాట. ఇంక తెలిసి తెలీనట్టు నాతో నవ్వకు. కోపమొస్తే కోప్పడు."

"సరే."

"ఇప్పుడే కోప్పడు. అప్పుడది ఇంక మిగలదు."

రాజు ఆమె కళ్ళలోకి చూశాడు. మొహం గంభీరంగా పెట్టుకుని, "ఎందుకిచ్చావు కెజియా?" అన్నాడు. అనేసరికి అతని గొంతే వణికింది.

ఆమె దగ్గరికొచ్చి అతని చెయ్యి పట్టుకుని, తండ్రి మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.