మొగులయ్య వేసిన ముడి

2004 ఆగస్టు. మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు, శామీర్‌పేట రోడ్డు మీది టీకాల కంపెనీలో ట్రైనింగ్ రూమ్ తలుపు తీసిన స్వీపర్ లోపల అడుగు పెట్టకుండానే వెనక్కి పరిగెత్తింది. ల్యాబ్ అసిస్టెంట్ సాయినాథ్ కిటికీ ఊచకు తన టైతోనే వేలాడుతున్నాడు. చొక్కా టక్ చేసి ఉంది. బూట్లు మెరుస్తున్నాయి. బతికుండగా డ్రెస్ కోడ్‌లో రోజుకో తప్పు దొరికిన వాడికి, చచ్చాక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

పోలీసులు పది గంటలకల్లా ఆత్మహత్య అని తేల్చేశారు. కారణం ఆఫీసంతా చూసిందే. సోమవారం గ్రూమింగ్ క్లాసులో ట్రైనర్ నవ్యశ్రీ వాణ్ణి ముందుకు పిలిచి, టై ముడి రెండు వేళ్లతో పైకెత్తి, "ఇది టైయా, చేపల వలా?" అంది. అరవైమంది నవ్వారు. నవ్యశ్రీ అందగత్తె. ఆమె నోట తిట్టు పడినా భాగ్యమే అనుకునే బాపతు మగవాళ్లకు ఆ కంపెనీలో కొదవ లేదు.

నవ్విన వాళ్లలో దీక్షిత్ కూడా ఉన్నాడు. నవ్వకపోతే అనుమానం వస్తుంది. కార్డు మీద అతను రీజనల్ సేల్స్ మేనేజర్, అసలు ఉద్యోగం ప్రభుత్వ గూఢచర్యం, ల్యాబ్ రహస్యాలు దొంగిలిస్తున్నదెవరో పట్టుకోవడం. కోటు గుండీలో కెమెరా, గడియారంలో ట్రాన్స్‌మిటర్, ముక్కు మీద పవర్ లేని కళ్లద్దాలు. సాయినాథ్ అతని ఇన్‌ఫార్మర్. సోమవారం సాయంత్రమే ఫోన్ చేసి, "దొంగ ఎవరో దెలిసింది సార్. ఫోన్ల వద్దు, రేపు పొద్దుగాల జెప్త" అన్నాడు. ఆ చెప్పేదేదో అప్పుడే చెప్పించుకోనందుకు దీక్షిత్ తనను తాను తిట్టుకుంటూ మేడ మీదికెళ్లి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"కుక్కర్ పేలింది సార్."

"మూత దొరికిందా?" యాప్రాల్‌లో చీఫ్ చలపతిరావు, దొంగ దొరికాడా అని అదే కోడ్ భాషలో తాపీగా అడిగాడు.

"లేదు. మనవాడు పోయాడు."

"పోయినవాడి సంగతి వదిలెయ్. రేపు నాలుగింటికి ఫారిన్ డెలిగేషన్ వస్తోంది. అందులో బ్రూనో అనేవాడు రోగాల క్రిములను ఆయుధాలుగా అమ్మే రింగ్‌కి లీడర్. ఆంత్రాక్స్ టీకా కోసం మీ ల్యాబ్ రాసుకున్న, ఆ క్రిములను పెంచే ఫార్ములా వాడి చేతికి చిక్కితే ఊళ్లకు ఊళ్లు వల్లకాడవుతాయి. ఇచ్చేదెవరో కనిపెట్టు. ఇచ్చాక బయటికి పోనివ్వకు."

మధ్యాహ్నం కంపెనీ వాళ్లు పరామర్శకు బయల్దేరారు. అందరూ ఫార్మల్స్‌లోనే రావాలని మెయిల్ కూడా వచ్చింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో రెండు గదుల రేకుల ఇల్లు. తల్లి సాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు కూడా రావడం లేదు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, నిన్న నవ్విన నోళ్లే సాయినాథ్ ఎంత బుద్ధిమంతుడో చెప్పడం మొదలుపెట్టాయి.

తండ్రి మొగులయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి. కొడుకు రోజూ చెప్పే సారు ఇతనేనని దీక్షిత్‌ను ఇంటి వెనక్కి తీసుకుపోయాడు.

"సార్, మా వోడు సిగ్గువడి సచ్చిండంటున్రు. గది అబద్ధం."

"ఎలా చెప్పగలవు పెద్దాయనా?"

"టై ముడి నేనేసిన. వలతాడుకు ఏసే జారుముడి. వానికి ఎయ్యరాదు, ఇప్పరాదు. రోజు వదులు జేసి తల మీదికెల్లి తీసి గోడ మొలకు తగిలిస్తుండె. దవాఖానల పీనుగను జూసిన. మెడకున్నది నా ముడి గాదు. మూడు మూలల ముడి, మస్తు సాఫ్‌గ ఉన్నది. ఎవరో ఇప్పి మల్ల ఏసిన్రు."

దీక్షిత్‌కు వెంటనే అర్థమైంది. ఆ మూడు మూలల ముడి సోమవారం క్లాసులో నవ్యశ్రీ నేర్పిందే. అరవైమందిలో ఒక్కడికీ చేతకాలేదు. ముందు కాఫీలో మత్తు కలిపి ఉంటుంది. తర్వాత టై విప్పి గొంతు బిగించింది. ఉరిలా కనిపించాలని మళ్లీ కట్టబోయేసరికి ముసలాడి ముడి చేతకాక, చేతికొచ్చిన ముడి వేసేసింది.

"ఎవరో దెలిస్తె జెప్పు సార్. కేసు గీసు ఏం వద్దు. నా కొడుకు పిరికోడు గాదని ఊళ్లె ఒక్క మాట జెప్తె సాలు. దాని కడుపు సల్లవడ్తది" అంటూ మొగులయ్య సాలమ్మ ఉన్న వైపు చూశాడు.

"నాలుగు రోజుల్లో నేనే వచ్చి చెప్తాను."

ఏజెంటన్నవాడు ఎవరికీ మాట ఇవ్వకూడదు. దీక్షిత్ ఇచ్చేశాడు.

బుధవారం నాలుగింటికి బోర్డ్‌రూమ్ నిండింది. నల్ల కోటులో నవ్యశ్రీ, కాస్త వంగి, రెండు చేతులా విజిటింగ్ కార్డులు అందించింది. అందరికీ వెండి డబ్బాలోంచి తీసింది. బ్రూనోకి మాత్రం కోటు లోపలి జేబులోంచి తీసింది. బ్రూనో దాన్ని చదివి, టేబుల్ మీద తన ఎదురుగా పెట్టుకున్నాడు. మీటింగ్ ముగిసేదాకా కార్డు జేబులో వేసుకోవడం అమర్యాద. నాలుగున్నర దాకా అది అక్కడే ఉంటుంది.

దీక్షిత్ గడియారం నొక్కాడు. సాయానికి రావాల్సిన మనవాళ్లు తూంకుంట దగ్గర గేదెల మందలో ఇరుక్కున్నారని జవాబొచ్చింది.

నాలుగు ఇరవై తొమ్మిది. అందరూ థాంక్స్ చెప్పుకుంటున్నారు. బ్రూనో చెయ్యి కార్డు మీదికి జరిగింది. ఆధారం లేకుండా విదేశీ అతిథి మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడుతుంది, వాడు దర్జాగా విమానం ఎక్కుతాడు.

దీక్షిత్ చటుక్కున వంగి ఆ కార్డు తీసుకున్నాడు. దాని మూలతో పళ్లు కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"జీడిపప్పు ఇరుక్కుంది సార్."

కంపెనీ ఎండీ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. బ్రూనో సగం లేచాడు. "దట్ ఈజ్ మై కార్డ్!" కార్డు రెండు పొరలుగా విడింది. మధ్యలో గోరంత చిప్. దీక్షిత్ దాన్ని దవడ కిందకు తోసి పటపటా నమిలేశాడు. నవ్యశ్రీ పెన్ను మూత తీసింది, లోపల విషపు సూది. అప్పుడే తలుపు తెరుచుకుని, గేదెల మందను దాటొచ్చిన మనవాళ్లు ముగ్గురు వెయిటర్ల వేషంలో కాఫీ ట్రేలతో లోపలికి వచ్చారు. ట్రేల కింద పిస్తోళ్లు ఉన్నాయి.

శుక్రవారం యాప్రాల్‌లో చలపతిరావు రిపోర్టు చదివి ఒక పేరా కొట్టేశాడు.

"ఇక్కడ హత్య అని రాశావేంటయ్యా?"

"నవ్యశ్రీ చేసిందే సార్."

"బుధవారం నాలుగున్నర దాకా ఆమె వాళ్ల మనిషి. ఆ తర్వాత మన మనిషి. రింగ్‌లో ముప్ఫైమంది పేర్లు ఇస్తోంది. ఆమె మీద హత్య కేసా?"

"ఆ కుర్రాడి తండ్రికి మాటిచ్చాను."

"అయితే వెళ్లి చెప్పు, వాడే ఉరేసుకున్నాడని. ముసలాడు ఆ ముడి సంగతి ఊరంతా చెప్తూ తిరిగితే వాడి నోరు మనం మూయించాల్సి వస్తుంది. అంతదాకా తెచ్చుకోకు."

శనివారం దీక్షిత్ లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లాడు. మొగులయ్య, సాలమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తున్నారు.

"అంతా విచారించాం పెద్దాయనా. వాడే వేసుకున్నాడు."

"మరి ముడి?"

"నేను దగ్గరగా చూశాను. అది నీ ముడే."

మొగులయ్య చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నా ముడేనా" అన్నాడు. "అయితే నా కొడుకును నేనే సంపుకున్న సార్."

సాలమ్మ మొగుడి మొహంలోకి ఒకసారి చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. కాదు అన్న అరుపు దీక్షిత్ నోటి దాకా వచ్చింది. అరిస్తే ముసలాడి ప్రాణం దక్కదు. అతను వెనక్కి తిరిగి కారెక్కాడు.

సోమవారం డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్లందరికీ కార్పొరేట్ మర్యాదల క్లాసు పెట్టారు. బోర్డు ముందు, నీలం కోటులో, నవ్యశ్రీ.

"దీక్షిత్ గారూ, విజిటింగ్ కార్డుతో పళ్లు కుట్టుకోకూడదు. ఎదుటి మనిషిని గౌరవించడం నేర్చుకోవాలి."

దీక్షిత్ లేచి, కోటు గుండీ పెట్టుకుని, "సారీ మేడమ్" అన్నాడు.