నరసక్క అడిగిన పేరు

బెంగళూరులో ఒక పెద్ద హోటల్. పదకొండో అంతస్తులో ఒక అమెరికన్ ఇంజినీర్ లిఫ్ట్ బటన్ నొక్కాడు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల లిఫ్ట్ లేదు. ఫోన్ చూసుకుంటూ అతను అడుగు ముందుకు వేశాడు.

సరిగ్గా నలభై నిమిషాల తర్వాత, పావగడ బస్టాండులో బొరుగులు తింటున్న ఏజెంట్ ధనంజయ పక్కన ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.

"కొండ మీద మబ్బు పట్టిందేమప్పా?"

"పట్టి మూడేండ్లయింది సామీ."

కోడ్ సరిపోయింది. ఆ తాలూకాకు ఇంతకంటే భద్రమైన కోడ్ ఎవడూ కనిపెట్టలేడు. ఆ కరువు సీమలో మబ్బు గురించి పొరపాటున కూడా ఎవరూ అడగరు.

పెద్దమనిషి అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. రెడ్ కాన్యన్ అని ఒక ప్రైవేటు యుద్ధ కంపెనీ ఉంది. అమెరికా సైన్యంలో పేరు బయటికి చెప్పని ఒక విభాగానికి లేజర్ డ్రోన్లు తయారు చేసిస్తుంది. పోయిన వేసవిలో సోలార్ పార్కు అంచున 'వాతావరణ పరిశోధన' అని బోర్డు పెట్టి ఒకదాన్ని ఎగరేసింది. ఆ లేజర్ పక్కనే ఉన్న రాయచెర్లు ఊరి కాపరి నరసక్క మంద మీద పడింది. గొర్రెలన్నీ గుడ్డివై, బెదిరి పరుగెత్తి, రాళ్ల క్వారీలో పడి చచ్చాయి. నరసక్క ఎడమ కన్ను పోయింది.

"అమెరికా ఏమంటోంది సార్?"

"అసలు అలాంటి టెస్టే జరగలేదంటోంది. ఈరోజు వాషింగ్టన్‌లో వాళ్ల సభా కమిటీ విచారణ. జనరల్ హార్గ్రోవ్ ప్రమాణం చేసి కూర్చుంటాడు. మన టైం ఏడున్నరకు ఇద్దరు సాక్షులు వీడియోలో మాట్లాడాలి. ఒకడు కంపెనీ ఇంజినీరు, ఇందాకే బెంగళూరులో లేని లిఫ్ట్ ఎక్కాడు."

"రెండో సాక్షి నరసక్క."

"ఆమె మాట్లాడకపోతే ఇవాళే ఫైలు మూసేస్తారు. రేపటి నుంచి ఆ డ్రోన్లు వందల లెక్కన తయారవుతాయి. వాటి కింద ఉండేది గొర్రెలు కాదు, మనుషులు." చీఫ్ ఒక శెనక్కాయ తీసి అతని అరచేతిలో పెట్టాడు. "లోపల మైక్. జాగ్రత్త, పోయినసారి ఒకడు నమిలేశాడు. ఇంకో మాట. అక్కడ వినుత అని కంపెనీ ఇంటర్‌ప్రెటర్ ఉంది. మనకూ సమాచారం ఇస్తుంది, వాళ్లకూ ఇస్తుంది. నిజంగా ఎవరి మనిషో ఆమెకే తెలియాలి."

మధ్యాహ్నం పన్నెండున్నరకు ధనంజయ గొర్రెల వ్యాపారి వేషంలో షేర్ ఆటో దిగాడు. తలకు రుమాలు, భుజం మీద గొంగడి, చేతికి తొంభై సెకండ్ల పాటు ఫోన్లన్నీ చంపేసే వాచీ. ఎదురుగా చూపు ఆనినంత దూరం సోలార్ ప్యానెళ్లు. వాటి మధ్య కొత్త నీలం యూనిఫాంలు వేసుకున్న ఆరుగురు మగవాళ్లు ట్యాంకర్ నీళ్లతో అద్దాలు కడుగుతున్నారు.

ధనంజయకు అక్కడే అనుమానం తగిలింది. ఎండకు కాలిన అద్దం మీద చన్నీళ్లు పడితే అది పటుక్కున పగులుతుంది. అందుకే ఆ పార్కులో కడిగే పని తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక. మిట్ట మధ్యాహ్నం అద్దం కడిగేవాడు ఆ పనివాడు కాడు, ఆ ఊరివాడూ కాడు.

నరసక్క ప్యానెళ్ల నీడలో కొత్త మందను కాస్తూ కూర్చుని ఉంది. ధనంజయ దగ్గరికి పోయి గొంతు సవరించుకున్నాడు.

"ఎన్ని ఉండాయక్కా నీకు?"

ఆమె ఉన్న ఒక్క కంటితో అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "పోలీసోడివా?"

"అయ్యో, గొర్రెలు కొనేదానికి వచ్చినా."

"ఏ బేరగాడైనా మంద లెక్క నోటితో అడుగుతాడా? ఏ కాపరైనా నోటితో చెప్తాదా? లెక్క చెప్తే మందకు కీడప్పా. చూసి అంచనా కట్టుకోవాల. ఆ రుమాల తీసేయ్, వేషం బాగలేదు."

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ధనంజయ వేషం ఇంత తొందరగా ఎప్పుడూ ఊడలేదు. సిగ్గుపడి శెనక్కాయ చేతికిచ్చాడు. ఆమె పటుక్కున ఒలిచింది. "తాలుకాయ" అని పొదల్లోకి విసిరేసింది. దేశపు లక్షల రూపాయల మైక్ ఒక మేకపిల్ల ముందు పడింది. తర్వాత దాని సంగతి ఎవరికీ తెలియదు.

"అక్కా, ఆ కడిగేవాళ్లు నీకోసం వచ్చినారు. భయం లేదా?"

"భయమెందుకప్పా? కంపెనీవోళ్లు ముందే వచ్చినారు. డబ్బుల సంచి తెచ్చినారు. సంచి వద్దు, ఆర్డర్ ఇచ్చినోని పేరు చెప్పండి అన్నా. పేరు తప్ప ఏమైనా ఇస్తామన్నారు." నరసక్క కర్రతో నేల మీద కొట్టింది. "మా పంచాయతీ మెంబర్ బోరన్న బోరు మోటారు కాల్చినప్పుడు నలుగురిలో నిలబెట్టి అడిగినాము. తల వంచుకొని నేనే అన్నాడు. అంత పెద్ద దేశంలో నేనే అనేటోడు ఒక్కడు లేడా?"

ఆ పేరు నేరుగా అడగొచ్చని ఒప్పించి, సాయంత్రం ఏడుంపావుకు ధనంజయ ఆమెను పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడే కమిటీ వీడియో లైన్ కలపాలి. కంప్యూటర్ ముందు కుర్చీ వేసేలోపు బయట తలుపు గొళ్లెం పడింది. పక్క గది తలుపులోంచి ఆరడుగుల తెల్లమనిషి తుపాకీతో లోపలికి వచ్చాడు. రిటైర్డ్ కల్నల్ కెల్లర్, రెడ్ కాన్యన్‌కు అన్ని చెత్త పనులూ చేసిపెట్టేవాడు. అతని వెనుక ల్యాప్‌టాప్‌తో ఒక అమ్మాయి. నల్ల కళ్లద్దాలు, మెడకు ఎర్ర పట్టు స్కార్ఫ్. ఆమె రాగానే గదిలో మల్లెపూల సెంటు వాసన పరుచుకుంది.

ఆమే వినుత.

"ఏజెంట్, మీ సాక్షికి శ్రమ వద్దు" అన్నాడు కెల్లర్ ఇంగ్లీషులో. "ఆమె సాక్ష్యం మేమే తయారు చేశాం. వినుతా, చూపించు."

ల్యాప్‌టాప్‌లో ఇంకో నరసక్క ప్రత్యక్షమైంది. అదే ముఖం, అదే గుడ్డి కన్ను, అదే గొంతు. కంప్యూటర్ పుట్టించిన నరసక్క.

"నా పేరు నరసక్క. నాకు నలభై రెండు గొర్రెలుండేవి. రోగమొచ్చి చచ్చిపోయినాయి. అమెరికావోళ్లు ఏమీ చేయలే."

అసలు నరసక్క కాండ్రించి ఉమ్మింది. "ఏ కాపరి చెప్తాదిరా ఆ లెక్క!"

ధనంజయ వినుత వైపు తిరిగాడు. "స్క్రిప్ట్ బాగుంది మేడం. ఎవరు రాసినారు?"

"నేనే." ఆమె కళ్లద్దాలు తీసింది. "మా నాయన సోమప్ప. అరసికెరెలో ఆయనా గొర్లు కాసినోడే."

ధనంజయకు విషయం వెలిగింది. కాపరి కూతురు మంద లెక్క తెలియక రాయదు. ఈ తాలూకా మనిషి ఎవరు విన్నా అబద్ధమని పట్టేయాలని, కావాలనే పెట్టింది. ఆమె ఎవరి మనిషో అతనికి తెలిసిపోయింది.

గోడ గడియారం ఏడు ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

అదే సమయానికి బయట పెద్ద గోల లేచింది. సాయంత్రం షిఫ్టుకు వచ్చిన ఆంజినమ్మ అనే అద్దాలు కడిగే మేస్త్రమ్మకు పదకొండు అద్దాలు పగిలి కనిపించాయి. ఆ నేరం ఆమె మీద, ఆమె కింద పనిచేసే ఇరవై మంది ఆడవాళ్ల మీద పడుతుంది. ఎవరు చేశారో వాకబు చేస్తే నీలం యూనిఫాంలు పంచాయతీ ఆఫీసు ముందు కాపలా కాస్తున్నాయని తేలింది. అందరూ పొడుగు కర్రల బ్రష్షులు పట్టుకుని వచ్చేశారు.

"మిట్ట మధ్యాన్నం అద్దం కడిగిన మొనగాడు ఎవడ్రా?"

ఆ ఆరుగురూ రెడ్ కాన్యన్ కమాండోలు, ఎన్నో దేశాల్లో యుద్ధాలు చేసినవాళ్లు. తడి బ్రష్షులతో మాత్రం ఎప్పుడూ చేయలేదు. మొదటివాడు బకెట్‌లో కూలబడ్డాడు. మిగిలినవాళ్ల కథ చెప్పడం మర్యాద కాదు.

"పంపు!" కెల్లర్ అరిచాడు. "ఆ వీడియో ఇప్పుడే పంపు!" అని ఫోన్‌లో మనుషులను పిలవబోయాడు. ధనంజయ వాచీ నొక్కాడు. ఫోన్ చచ్చింది. కెల్లర్ తుపాకీ ఎత్తేలోపు గొంగడి గాల్లోకి లేచి అతని తల మీద పడింది. ఆ చీకట్లో గొర్రెల వాసన పీల్చిన కెల్లర్‌కు తుమ్ములు మొదలయ్యాయి. అతని కాళ్లు రెండూ పట్టి ధనంజయ లాగేశాడు. గుండు పైకప్పులోకి పోయింది.

ఏడు ఇరవై తొమ్మిది, యాభై ఏడు సెకండ్లు. వాషింగ్టన్ గొంతు ఆఫీసు వైరులోంచి సన్నగా వచ్చింది. "సాక్షి లైన్‌లో ఉన్నారా?"

వినుత ల్యాప్‌టాప్ వైరు పీకి పంచాయతీ కెమెరాకు గుచ్చింది. ఒక్క సెకండ్ మిగిలింది. తెర మీద అసలు నరసక్క.

కమిటీ చైర్మన్ ఒక నెరిసిన జుట్టు స్త్రీ. వినుత తర్జుమా చేస్తోంది. "మీరు ఎన్ని గొర్రెలను కోల్పోయారు?"

"లెక్క చెప్పను. పేరు పేరునా చెప్తా, రాసుకో తల్లీ. బొల్లి. దాని కూతురు చుక్క. ఎర్రచెవుల పొట్టేలు. కుంటిది, దాన్ని నేను చేతుల్లో పెంచినా. పాలచుంచు. దాని కడుపులో ఇంకొకటి ఉండె…"

చెప్తూనే ఉంది. సాక్షుల టైం అయిపోయిందని అక్కడ ఎర్ర లైటు వెలిగింది. ఎవరూ ఆపమనలేదు. తెల్లటి బల్లల వెనుక ఒకావిడ పేర్లు రాసుకుంటోంది.

"నా గొర్లకు పేర్లుండాయి" అని ముగించింది నరసక్క. "ఆర్డర్ ఇచ్చినోనికి లేదా?"

జనరల్ హార్గ్రోవ్ మైకు దగ్గరికి వంగాడు. "ఆ వివరం మూసిన తలుపుల సమావేశంలో చెప్పగలను."

వినుత తర్జుమా పూర్తి కాకముందే నరసక్క లేచి నిలబడింది. "తలుపెందుకప్పా మూసేది? బయట్లో చేసినావు, బయట్లోనే చెప్పాల. నీకు జీతం మీ జనమిస్తారంట. కన్ను నాదిచ్చినా. ఇంగ ఎవురు రావాల నిన్ను అడిగేదానికి?"

చైర్మన్ తన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "జనరల్, సాక్షి ప్రశ్న కమిటీ ప్రశ్న. జవాబు చెప్పండి."

జనరల్ తన ముందున్న కాగితాలు మూసేశాడు. రాయచెర్లులో కిటికీలకు ఆనుకున్న ఇరవై మంది ఆడవాళ్లూ తెర వైపు మెడలు చాచారు.

"నేనే" అన్నాడు జనరల్. "ఆర్డర్ నాది."

నరసక్క కుర్చీలో కూర్చుంది. కొంగుతో చూసే కన్నునూ, చూడని కన్నునూ రెండింటినీ తుడుచుకుంది. "ఆ మాత్రం చెప్పేదానికి ఏడాదా" అంది.

డ్రోన్ల కొనుగోలు ఆ రోజే ఆగింది. కెల్లర్‌ను అరెస్టు చేసి బెంగళూరు తీసుకుపోయారు. దారి పొడుగునా తుమ్ముతూనే ఉన్నాడట.

మూడో రోజు చీఫ్ ధనంజయను పిలిచి రిపోర్టు ముందు పెట్టాడు. మొదటి వాక్యం ఇలా ఉంది: 'ఈ ఆపరేషన్ జరగలేదు.' బాధ్యుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"ఖాళీగానే ఉంచు. మన పద్ధతి అంతే."

ధనంజయ మొదటి వాక్యం కొట్టేశాడు. గడిలో తన పూర్తి పేరు రాసి, తండ్రి పేరు, ఊరు, పిన్‌కోడ్ కూడా చేర్చాడు. పిన్‌కోడ్ మాత్రం చీఫ్ తుడిపించేశాడని విన్నాం. గూఢచార శాఖ అన్నాక కొంచెమైనా రహస్యం మిగలాలి కదా.