ముడి వేయని తొమ్మిది పోగులు

2021 ఏప్రిల్‌లో సూరత్‌లో మనిషిని చంపడానికి తుపాకీ అక్కరలేదు. ఒక అంబులెన్సు, రెండు పీపీఈ కిట్లు, ఒక రిపోర్టు చాలు.

పరమేశ్వర్‌ను అలాగే చంపారు. నీకు పాజిటివ్ వచ్చిందని ఎవరో ఫోన్ చేశారు. అరగంటలో తెల్ల కిట్లు వేసుకున్న ఇద్దరు నగర శివారు వడోద్‌లో అతని గది ముందు బండి ఆపారు. ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. మూడో రోజు జిప్పు వేసిన సంచి ఒకటి నేరుగా శ్మశానానికి వెళ్లింది. సంచి విప్పి ముఖం చూపించమని అడిగే హక్కు ఆ రోజుల్లో కన్నతల్లికి కూడా లేదు.

"అతను చేసిన నేరం?" అని అడిగాడు ఏజెంట్ ధర్మరాజు.

"యూజర్ మాన్యువల్ రాయడం," అంది చీఫ్ విశాలాక్షి.

ఢిల్లీ నుంచి వీడియో కాల్. చీఫ్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. దాన్ని సరిచేసుకుంటూనే బ్రీఫింగ్ ఇచ్చింది.

ఒక ప్రభుత్వ సంస్థ ఒక కంపైలర్ తయారు చేసింది. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ అది. నలభై ఆసుపత్రుల ఆక్సిజన్ ప్లాంట్లలో వాల్వులు తిప్పే ప్రోగ్రామ్‌లన్నీ దాని చేతి మీదుగానే తయారవుతాయి. మంగళవారం ఉదయం పదకొండుకు కొత్త మాన్యువల్ నలభై చోట్లకూ వెళ్తుంది. అది చూసి అక్కడి ఇంజనీర్లు ప్రోగ్రామ్‌ను మళ్లీ కంపైల్ చేస్తారు. ఆ రోజు ప్లాంట్లన్నీ ఒకేసారి ఆగాలని ఒక విదేశీ ముఠా కోరిక.

"కంపైలర్‌ను మూడుసార్లు పరీక్షించాం. శుభ్రంగా ఉంది," అంది చీఫ్. "మాన్యువల్‌ను ఎవరూ పరీక్షించలేదు."

"మాన్యువల్ ఎవరు చదువుతారు మేడం?"

"మామూలు రోజుల్లో ఎవరూ చదవరు. ఇప్పుడు పాత ఇంజనీర్లు సగం మంది మంచం మీద ఉన్నారు. వాళ్ల కుర్చీల్లో కూర్చున్న కొత్తవాళ్లకు ఆ పుస్తకమే దిక్కు." కాస్త దగ్గి మళ్లీ అంది. "పరమేశ్వర్ ఆఫీసులో ఇందుజ అనే అమ్మాయి ఉంది. మూడేళ్లుగా ముఠాలో ఉన్న మన మనిషి. ఆమె చెప్పినట్టు చెయ్యి."

కోడ్ కూడా కాలానికి తగ్గట్టే పెట్టారు. చీఫ్ కరోనా పరీక్షలో వచ్చే అంకె అడిగినట్టు "సీటీ వాల్యూ ఎంత?" అని అడుగుతుంది. ముప్పై అయిదు అంటే ప్రమాదం లేదు. పదిహేను అంటే చావు దగ్గరలో ఉంది.

సోమవారం ధర్మరాజు సూరత్‌లోనే అడాజన్‌లో ఉన్న ఆ ఆఫీసులో గోపాల్ అనే టెక్నికల్ రైటర్‌గా చేరాడు. మారువేషం కోసం పదిహేనేళ్లుగా పెట్టె నిండా మీసాలు, విగ్గులు దాచుకున్న మనిషి. ఇప్పుడు ఊరంతా మాస్కులే. పెట్టె తెరవవలసిన పనే పడలేదు.

మాస్కు తీయకుండానే అందగత్తె అనిపించుకోవడం ఇందుజకు తెలుసు. కళ్లకు కాటుక, చీర అంచుతో కుట్టించిన మాస్కు, శానిటైజర్ వాసనను కూడా ఓడించే సెంటు. స్టాఫ్ అంతా ఇళ్లలోనే ఉండి పనిచేస్తున్నారు. మాన్యువల్ ఉన్న కంప్యూటర్‌కు మాత్రం నెట్ లేదు కనుక దాని దగ్గరికి మనిషి రావలసిందే.

ఆమె పని వివరించింది. మాన్యువల్‌లో 412 క్రాస్ రెఫరెన్సులు ఉన్నాయి. ‘ఈ స్విచ్ కోసం 7.4వ విభాగం, 112వ పేజీ చూడండి’ అన్నట్టుగా ఒక చోటు నుంచి మరో చోటికి దారి చూపే మాటలవి. అన్నీ నీలం రంగులో, వాలు అక్షరాల్లో ఉండాలి. కొన్ని నల్లగా, నిలువుగా ఉన్నాయి. పాఠానికి తాళం పడింది. ఒక్క అక్షరం మార్చాలన్నా ముగ్గురు అధికారుల సంతకాలు కావాలి. రైటర్ అధికారం ఫార్మాటింగ్ వరకే.

"పరమేశ్వర్ మంచివాడే, కానీ శ్రద్ధ తక్కువ," అంది ఇందుజ. "మీ చేతి పని చూస్తుంటే ముచ్చటేస్తోంది గోపాల్ గారూ."

ధర్మరాజు ఒక్క కమాండ్ ఇచ్చాడు. ‘తొమ్మిది చోట్ల సరిచేయబడింది’ అని తెర మీద కనిపించింది. 412 రెఫరెన్సులూ దేవుడి గదిలో దీపాల వరుసలా ఒకే తీరుగా వెలిగాయి. అతని జేబులోని శానిటైజర్ సీసా మూతలో కెమెరా ఉంది. ఆఫీసుకు వచ్చిపోయిన ప్రతి మనిషినీ ఫొటో తీసింది. మాన్యువల్ పేజీలను ఫొటో తీయాలని మాత్రం అతనికి తోచలేదు.

సాయంత్రం నాలుగింటికి చీఫ్‌కు ఫోన్ చేశాడు. ముప్పై అయిదు అన్నాడు.

అయినా పరమేశ్వర్ ఇల్లు ఒకసారి చూడాలనిపించింది. మంగళవారం తొమ్మిదింటికి ఆరోగ్య సర్వే మనిషిలా, చేతిలో థర్మామీటర్ గన్‌తో వడోద్ వెళ్లాడు. పాండేసర బట్టల మిల్లుల్లో పని లేక, గదుల ముందు మగవాళ్లు ఊరికే కూర్చుని ఉన్నారు.

పరమేశ్వర్ తల్లి సారక్క నలభై ఏళ్ల కింద సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ మగ్గాల మధ్యే ముసలిదైంది. నుదుటికి గన్ పెట్టబోతే చేత్తో పక్కకు నెట్టింది.

"నా జ్వరం చూసి ఏం జేస్తవ్ సారూ? చూసేదేదో దావఖానకు పోయి మా కోడలును చూడు. హారతి. ఆక్సిజన్ మీద ఉన్నది. నిన్న ఫోన్ల రెండు మాటలు మాట్లాడింది."

ఏ ఆసుపత్రి అని అడిగాడు. చెప్పింది. నలభైలో అదొకటి.

కొడుకు గురించి మెల్లగా కదిపాడు. ఆఫీసులో అతనికి శ్రద్ధ లేదన్నారని, తొమ్మిది తప్పులు వదిలేశాడన్నారని చెప్పాడు. అలా చెప్పడం క్రూరమే. కానీ ఈ ఉద్యోగంలో దయకు వేరే గది ఉండదు.

సారక్క కొంగు దులిపి నడుముకు చెక్కింది.

"మా వాడా? పదేండ్లప్పటి సంది బీము అతికిండు సారూ వాడు. మగ్గం మీద నూలు చుట్టిన పాత బీము అయిపోతే కొత్త బీము ఎక్కిస్తం. పాత పోగుకు కొత్త పోగు, ఒక్కొక్కటి ముడెయ్యాలె, వేల పోగులు. ఏదన్న పోగు జోడు కాదని డౌట్ వచ్చిందనుకో, దాన్ని ముడెయ్యం. పొడుగ్గ బయటికి ఇడుస్తం. డ్యూటీ మారి రెండో పాళీకి వచ్చినోని చేతికి తగులుతది. ఆగుతడు. చూస్తడు."

ధర్మరాజు చేతిలోని గన్ కిందికి వాలింది.

"వాణ్ని బండ్ల తీస్కపోయే రెండొద్దుల ముంగట గూడ గదే అన్నడు," అంది సారక్క. "‘అమ్మా, ఆఫీసుల తప్పు పోగులు కలిసినయే. తీసే పవర్ నాకు లేదు. బయటికి ఇడిసిన, చూసేటోడు చూస్తడు’ అన్నడు. చూసిండ్రా సారూ ఎవరన్న?"

చూసింది ధర్మరాజే. చూసి, తొమ్మిదింటినీ నీటుగా ముడి వేసేశాడు.

బయటికి వచ్చి చీఫ్‌కు ఫోన్ చేశాడు. అడగకముందే పదిహేను అన్నాడు.

పాఠానికి తాళం పడకముందే తొమ్మిది రెఫరెన్సుల దారి ఎవరో మళ్లించారు. భద్రతా వాల్వ్ స్విచ్‌కు వెళ్లవలసినవాడు పరీక్షల కోసం వాల్వ్ మూసే స్విచ్‌కు వెళ్తాడు. ఆ తొమ్మిదింటికే పరమేశ్వర్ రంగు తీసేశాడు. అతనికున్న అధికారం అంతే. ఆ రంగు మళ్లీ అద్దమన్నది ఇందుజ. ముఠాలో మన మనిషి కాదు ఆమె, మనలో ముఠా మనిషి.

విడుదల ఆపమని ఢిల్లీలో ఏడుగురు అధికారులకు ఫోన్ చేసింది చీఫ్. నలుగురు క్వారంటైన్‌లో ఉన్నారు, పలకలేదు. ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు. ఏడో ఆయన ఫోన్‌ను కొడుకు ఎత్తి, నాన్నగారికి పొద్దున్నే కర్మ మొదలుపెట్టామని చెప్పాడు.

తాపీ నది వంతెన మీద పోలీసులు పావుగంట ఆపారు. అడాజన్ చేరేసరికి 10:40. ఇందుజ ఇంకా రాలేదు.

ధర్మరాజు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దాని నుంచి సర్వర్‌కు లైన్ పొద్దున పదకొండుకు, సాయంత్రం అయిదుకు ముందు ఒక్కో నిమిషమే తెరుచుకుంటుంది. తీగ తెంపితే లాభం లేదు. అతను ముచ్చటగా దిద్దిన కాపీ నిన్న సాయంత్రమే సర్వర్‌లో చేరిపోయింది, అదే వెళ్తుంది. కొత్త కాపీ పంపితేనే పాతది చెరుగుతుంది. అందులో ఆగండి అని ఒక్క ముక్క రాద్దామన్నా పాఠానికి తాళం ఉంది. నిన్న నల్లగా కనిపించిన తొమ్మిదింటిలో ఒకటి అతనికి గుర్తుంది, 7.4. మిగతా ఎనిమిది 411లో ఎక్కడున్నాయో తెలియదు.

పది వెతికాడు. ఇరవై వెతికాడు. గడియారం 10:52 చూపించింది. ఒక్కో రెఫరెన్సు వెనుక పోయి, ఆ విభాగం చదివి, అది సరైన దారో కాదో తేల్చడానికి నిమిషం పడుతోంది.

తప్పు పోగు ఏదో తెలియనప్పుడు ఏం చేస్తారు? మగ్గం ఆపేస్తారు.

విభాగాల నంబర్లు, పేజీల నంబర్లు అన్నీ ఒక వేరే ఫైలులో ఉంటాయి. అది ఫార్మాటింగ్ కిందకే వస్తుంది. దాన్ని తీసేయడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. ధర్మరాజు నరసింహస్వామిని తలచుకుని ఆ ఫైలును చెరిపేశాడు. మాన్యువల్‌ను మళ్లీ తయారు చేయమని ఆదేశం ఇచ్చాడు. పేజీలు ఒక్కొక్కటిగా తిరుగుతున్నాయి.

10:57. వెనుక సెంటు వాసన వచ్చింది. ఇందుజ చేతిలో ఆక్సీమీటర్ డబ్బా, అందులో చిన్న పిస్టల్ ఉన్నాయి.

"చేతులు పైకెత్తండి గోపాల్ గారూ. మీరు వెతకగలిగింది ఎన్ని? పదా?"

"వెతకలేదు."

ఆమె కళ్లు తెర మీదికి పోయాయి. ‘?? విభాగం, ?? పేజీ చూడండి.’ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా 412 చోట్ల అదే. ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగిసేలోపు తలుపు తెరుచుకుంది. తెల్ల కిట్లలో ఇద్దరు లోపలికి వచ్చి ఆమె చెయ్యి మెలిపెట్టారు. వీళ్లు చీఫ్ పంపినవాళ్లు. ఆమెను అంబులెన్సు ఎక్కిస్తుంటే చుట్టూ అపార్టుమెంట్లలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి.

10:59కి లైన్ తెరుచుకుంది. కొత్త కాపీ వెళ్లింది.

నలభై ప్లాంట్లలో నలభై మంది కుర్ర ఇంజనీర్లు ప్రశ్నార్థకాల పుస్తకం తెరిచి, మాన్యువల్ రాసినవాడిని తిట్టి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. మధ్యాహ్నానికి విడుదల రద్దయింది.

ఇందుజను వారం తిరగకుండా గూఢచారుల మార్పిడి కింద విమానం ఎక్కించారు. పరమేశ్వర్ ఫైలులో మరణ కారణం మార్చడం కుదరదంది చీఫ్. మార్చితే మాన్యువల్ సంగతి బయటికి చెప్పాలి. శ్రద్ధ తక్కువ అన్న మాటనైనా కొట్టేయమన్నాడు ధర్మరాజు. ఆమె చాలాసేపు దగ్గింది. ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం హారతి చనిపోయింది.

వాల్వులన్నీ సరిగ్గానే పనిచేశాయి. ప్లాంట్ ఇచ్చే ఆక్సిజన్ చాలక, ఆ రోజు ఆసుపత్రి ట్యాంకర్ కోసం ఎదురుచూసింది. ట్యాంకర్ సమయానికే ఊరి పొలిమేరకు చేరింది. అక్కడ దానికి బ్యానర్ కట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, పెద్దమనుషులు వచ్చేదాకా ఫొటోల కోసం రెండు గంటలు నిలబెట్టారు. దేవుడి పేరు మీద కొట్టిన ఆ కాయను దేవుడు అందుకున్నాడో లేదో ధర్మరాజుకు తెలియదు. అడగడం తప్పు కాకపోవచ్చు అనిపించింది.

అతను వడోద్ వెళ్లాడు. ఈసారి ఏ వేషమూ లేదు. చెప్పగలిగినంత చెప్పాడు. విదేశీ ముఠా ఒకటి కొడుకును చంపిందని, అతను వదిలిన పోగుల వల్లే నలభై ఆసుపత్రులు నిలబడ్డాయని చెప్పాడు. సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"మరి మా కోడలు ఊపిరి ఆపింది గూడ ఆ పరాయి దేశపోల్లేనా సారూ?"

"అవునమ్మా," అన్నాడు ధర్మరాజు.

పదిహేనేళ్ల సర్వీసులో అతను ఆడిన అబద్ధాల్లో ఎదుటివాళ్లు నమ్మనిది అదొక్కటే.