పెద్దలు ముట్టని మామిడి

"ఏ జ్వరానికీ ఆధార్ కార్డు చూసి సోకే అలవాటు లేదు సార్," అన్నాడు ఏజెంట్ ఎజ్రా.

విశాఖపట్నంలోని ఆ ఏసీ గదిలో చీఫ్ శివప్రసాద్ నవ్వలేదు. ముంచింగిపుట్టుకు ఎగువన, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక చుక్కను మ్యాప్ మీద పెన్నుతో తట్టాడు. నేరెడుపుట్టు. కిందటి వారం ప్రయోగంలో దారి తప్పిన క్షిపణి ఆ కొండల్లోనే ముక్కలైంది. దాని మెదడు, అంటే గైడెన్స్ యూనిట్, ఇంకా దొరకలేదు. నారింజ రంగు పెట్టెను పట్టుకున్న పిల్లల చేతుల వీడియో ఒకటి మాత్రం ఒక పూట ఫోన్లలో తిరిగింది. అందులో ముఖాలు లేవు. మర్నాడే మెడికల్ టీమ్ పేరుతో బస్సులు ఆ ఊరెక్కాయి. పద్దెనిమిది దాటినవాళ్లకే సోకే కొత్త జ్వరమని చెప్పి, పెద్దలందరినీ పరీక్షలకు ఎక్కించుకుపోయాయి. చంటిబిడ్డలు తల్లులతో వెళ్లారు. సెలవులకు హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలూ, వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ మిగిలారు. సెల్ టవర్ కూడా ఆ రోజే మూగబోయింది.

"ఫారిన్ ముఠా," అన్నాడు చీఫ్. "పెద్దలుంటే కబురు పోలీసుల దాకా పోతుంది. పిల్లలైతే ఆకలికి లొంగి పెట్టె చూపిస్తారని వాళ్ల లెక్క. రేపు ముంచింగిపుట్టు సంత. ఆ జనంలో సరుకు చేతులు మారుతుంది. ఆలోపు పెట్టె మనకు దక్కాలి."

పోలీసు బలగం ఎందుకు వద్దని ఎజ్రా అడిగాడు. యూనిఫాం కంటబడితే ఆ పెద్దలను ఎక్కడ దాచారో ఇక ఎన్నటికీ తెలియదని చీఫ్ జవాబు. ఆ ప్రాంతంలో మన మనిషి ఒకరున్నారట. "ఉప్పు ఎక్కువా?" అని అడుగుతారు. "సముద్రమంత," అని చెప్పాలి.

ఎజ్రా తాత పాస్టరు. మనవడు మాత్రం మీటరు ముల్లు కదిలితే తప్ప దేన్నీ నమ్మడు. ఎండుచేపల వ్యాపారి వేషంలో మర్నాడు కొండెక్కినప్పుడు అతని కావడిలో ఒక ఎలక్ట్రానిక్ కాటా ఉంది. అది చేపలనూ తూస్తుంది. ఆ పెట్టె బ్యాటరీ దగ్గరలో ఉంటే అంకెలు ఎర్రగా మిణుకుమంటాయి.

ఊరు పాడుబడి ఉంటుందని అనుకున్నాడు. కానీ వాకిళ్లు ఊడ్చి ఉన్నాయి. పొయ్యి మీద చోడి అంబలి కుతకుతలాడుతోంది. తప్పిపోకుండా ఉండేందుకు చిన్నపిల్లల మెడలకు మేకల గంటలు కట్టారు. పనసచెట్టు మీద కాపలా కాస్తున్న ఉదయ్ అనే గుంటడు ఈల వేయగానే కొడవలి పట్టుకుని ఒక ఆడపిల్ల దారికి అడ్డం వచ్చింది. పేరు పాంగి భాను. పదహారేళ్లుంటాయేమో, ముఖంలో మాత్రం సర్పంచి గాంభీర్యం ఉంది.

"ఏటి బావూ, సంత కింద ఉంటే నువ్వు పైకొచ్చినావు?"

చేపలు అమ్ముకోవడానికని ఎజ్రా చెప్పాడు. కొనేవాళ్లు లేరనీ, తినేవాళ్లు మాత్రం ఉన్నారనీ చెప్పి ఆమె కావడి దింపించింది. ఇన్ని రోజులూ ఎలా నెట్టుకొచ్చారని అడిగితే ఊరి చట్టం చెప్పింది. ఇక్కడ ఏడిచినవాళ్లు నీళ్లకు వెళ్లాలి. మొదటి రోజు ఊళ్లో ఒక్క బిందె కూడా ఖాళీగా లేదట. ఇప్పుడు దాహం వేసినా ఎవరికీ ఏడుపు రావడం లేదట.

దారి పక్కన మామిడి కొమ్మలు కాయల బరువుకు నేలను తాకుతున్నాయి. ఎజ్రా ఒక కాయ మీద చెయ్యి వేయగానే ఉదయ్ చెట్టు మీంచి అరిచాడు: "ముట్టకు బావూ. పెద్దోళ్లు ఇంకా కొత్త సెయ్యనేదు."

ఏటా కొత్త కాయను పెద్దలు ముందుగా కొండదేవతకు పెట్టి తింటారు. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ ముట్టరు. ఇంత ఆకలిలోనూ ఈ పిల్లలు ముట్టలేదు. ఎజ్రా మనసులో చిన్నగా నవ్వుకున్నాడు. టెంక ముదిరేదాకా కాయ కోయవద్దని ఎవరో తెలివైన పూర్వికుడు పెట్టిన నియమం ఇది. దేవత పేరు చెబితే తప్ప జనం వినరని గ్రహించినవాడు మరీ తెలివైనవాడు. దాని కోసం ఇప్పుడు కడుపు మాడ్చుకోవడం మాత్రం అతనికి సబబుగా తోచలేదు.

గాదె గది దగ్గరికి వచ్చేసరికి కాటా ఎర్రగా మిణుకుమంది. భాను అది చూసింది.

"నీక్కూడా ఆ పెట్టేనా కావాల?" అంది నెమ్మదిగా. "మా అమ్మోళ్లను తెచ్చినోళ్లకే ఇత్తాం. ఊరికే ఇయ్యం."

అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి కొండగాలి కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. తెల్లకోటు కింద నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, పెదవులపై లిప్‌స్టిక్. కోటు మీది పేరుపట్టీలో డాక్టర్ ఉమామహేశ్వరి అని ఉంది. చేపల గంప వైపు చూసి అడిగింది: "ఉప్పు ఎక్కువా?"

"సముద్రమంత," అన్నాడు ఎజ్రా, మన మనిషేనని తేల్చుకుని.

ఆమె పిల్లల ముందు ఒక గంప పెట్టింది. నిండా పసుపుపచ్చని మామిడిపండ్లు. పెద్దలంతా క్షేమమని చెప్పింది. వీటిని వాళ్లే పంపారంది. ముఠాలోకి చొరబడి ఆ చోటు కనుక్కుని ఉంటుందని ఎజ్రా అనుకున్నాడు.

"మా అమ్మ కూడా పంపిందా?" భాను అడిగింది.

"మీ అమ్మే ముందు ఒకటి తిని చూసింది. చాలా తియ్యగా ఉన్నాయి, పిల్లలకు ఇవ్వండి అంది."

ఒక్క గంట కూడా మోగలేదు. అంత చిన్నపిల్లలు సైతం కదలకుండా నిలబడిపోయారు. భాను మాత్రం గంపను రెండు చేతులా అందుకుని, "సరే డాట్రమ్మా," అని నవ్వింది.

పొద్దుటి నుంచి ఏమీ తినని ఎజ్రా ఒక పండు తీసుకున్నాడు. సహోద్యోగి తెచ్చిన పండు. అనుమానించడానికి కారణం కనిపించలేదు. సగం తినేసరికి మోకాళ్లు అతని మాట వినడం మానేశాయి. అరుగు పక్కన ఒరిగిపోతూ చూస్తే పిల్లలూ ఒక్కొక్కరే వాలిపోతున్నారు.

"సారీ, ఎజ్రా," అంటూ ఉమామహేశ్వరి అతని నడుము నుంచి పిస్టల్ లాక్కుంది. "డిపార్ట్‌మెంట్ జీతం లిప్‌స్టిక్‌కే చాలదు." జీపులోంచి తీసిన చిన్న ట్రాన్స్‌మిటర్‌ను భుజాన తగిలించుకుని, ఎర్రగా మెరుస్తున్న కాటా చేతపట్టుకుని గాదె గదిలోకి నడిచింది.

ఆమె అలా లోపలికి వెళ్లిందో లేదో, చచ్చినట్టు పడి ఉన్న భాను లేచింది. పిల్లలంతా లేచారు. ఎవరూ పండు కొరకలేదు. కొరికినట్టు నటించారు, అంతే. టేకు తలుపు దభాలున మూసుకుంది, గొళ్లెంలోకి రోకలి దూరింది. లోపలి నుంచి తూటా తలుపును చీల్చింది. అప్పటికే భాను అందరినీ నేలకు అదిమేసింది.

"తలుపు మూసుకోండి," అని లోపలి నుంచి చల్లని గొంతు వినిపించింది. "పెట్టె బయటికి రానక్కర్లేదు. అందులోని డేటా వెళితే చాలు." చూరు కింద కన్నంలోంచి సన్నని యాంటెనా వైరు ఒకటి పైకి పాకింది. ఆమె ట్రాన్స్‌మిటర్ యంత్రం మరబొమ్మలా పలికింది: "సిక్స్టీ పర్సెంట్."

ఎజ్రాకు అన్నీ అర్థమవుతున్నాయి. నాలుక మాత్రం సీసపు ముద్దలా ఉంది. "ఎయిటీ పర్సెంట్." బలమంతా కూడగట్టుకున్నాడు. వచ్చింది ఒక్క మాటే.

"తీగ..."

భాను తలెత్తి చూసింది. గోడను ఆనుకున్న ఉదయ్ భుజం మీద కాలు మోపి ఎగిరింది. "నైంటీ నైన్..." కొడవలి మెరిసింది. వైరు రెండు ముక్కలై వేలాడింది. యంత్రం ఆ అంకె దగ్గరే నోరు మూసుకుంది.

తరువాతి బేరం భానుది. నిప్పుల కుంపటిలో దోసెడు ఎండుమిరపకాయలు పోసి, తలుపు కింది సందుకు ఆనించి పొగను లోపలికి విసిరింది. ముందు పిస్టల్ చూరు కింది కన్నంలోంచి బయట పడింది. దాని వెనకే దగ్గుతో కలిసి పెద్దలను దాచిన చోటు వచ్చింది: చింతూరు దగ్గర, శబరి ఒడ్డున పాడుబడిన ఒక గిడ్డంగి. జీపులోని వైర్‌లెస్‌ను ఎజ్రా బలం కూడదీసుకుని పలికించగానే అటు చింతూరుకూ, ఇటు సంతలో కాచుకున్న ముఠా వైపూ బలగాలు కదిలాయి.

మత్తు వదిలాక అతను అడిగాడు: ఆమె అబద్ధమాడుతోందని ఎలా తెలిసింది?

"కొత్త సెయ్యకుండా మా అమ్మ మామిడి తిందంటే, అది మా అమ్మ కాదన్నా అవ్వాల, ఆ మాట అబద్దమన్నా అవ్వాల," అంది భాను. "నువ్వు సదువుకున్నోడివి బావూ. నువ్వెలా తినేసినావు?"

ఎజ్రా మిగిలిన సగం పండును ఆధారాల సంచిలో వేసి మూతి బిగించాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సులు కొండెక్కాయి. తల్లులు దిగారు, తండ్రులు దిగారు. ఇన్నాళ్లూ గొంతులో ఆపుకున్నదంతా ఊరు ఒక్కసారిగా ఏడ్చేసింది. భాను అందరికంటే గట్టిగా ఏడ్చింది. తరువాత కళ్లు తుడుచుకుని, చట్టం చట్టమేనని, తల్లి చేతికే మొదటి బిందె అందించింది.

నారింజ పెట్టెను భుజాన వేసుకుని పక్కన నిలబడ్డ ఎజ్రా, తన కళ్ల తడికి నిన్నటి మిరపపొగ కారణమని ఆధారాలతో సహా వివరించబోయాడు. భాను మొత్తం ఓపిగ్గా వింది. విని, అతనికీ ఒక బిందె ఇచ్చింది.