పది రోజుల కాపలా

"పది రోజులు దాన్ని కట్టేసి చూడాలి. చంపొద్దు, ఎక్కడా వదిలిపెట్టొద్దు. తింటున్నదా, నీళ్లు తాగుతున్నదా, మనుషుల్ని గుర్తుపడుతున్నదా... రోజూ చూసుకుంటూ ఉండాలి. ఏ మార్పు కనిపించినా మాకు చెప్పాలి."

నిజామాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ మాట చెప్పి పక్క మంచం వైపు తిరిగింది. సుమలత భుజం మీద రెండున్నరేళ్ల చిన్ను వెక్కి వెక్కి అలిసిపోయి పడుకున్నాడు. ఎడమ చెంప మీద కాటు. గాయం చుట్టూ సూదులు గుచ్చుతుంటే నలుగురు పట్టుకున్నా ఆగలేదు వాడు. కుక్క కాటుకు వెంటనే కుట్లు వెయ్యరట, కట్టు మాత్రం కట్టి పంపారు. ఇంకా మూడుసార్లు రావాలి సూదులకు. తన బిడ్డ ముఖం అలా చేసిన దానికి పది రోజులు తన చేత్తో అన్నం పెట్టాలి... ఆ మాట సుమలతకు మింగుడు పడలేదు.

బోధన్ చేరేదాకా భర్త నాగేందర్ ట్రాలీ ఆటో నడుపుతూ ఒక్క మాట మాట్లాడలేదు. దాచుకున్నదంతా వాకిట్లో, చుట్టుపక్కల ఆడవాళ్లు మూగాక బయటపెట్టాడు.

"పోరన్ని ఇడిసిపెట్టి కార్ఖానకు పోకుంటె బతకకపోతుంటివా? నువ్వుండుంటె గిట్లయితుండెనా?"

అంతే. తీర్పు చెప్పేశాడు. ఇంటికి తాళం వేసి తిరగడానికి పోయినట్టే అన్నాడు గానీ, ఆమె పోయింది బీడీలు అప్పజెప్పి రావడానికని, ఆ బీడీల మీదే ఇంట్లో ఉప్పూ పప్పూ వస్తున్నాయని అక్కడున్న ఎవరికి తెలియదు? తెలిసినవాళ్లంతా తల ఊపారు. మగవాడు కోపంలో ఉంటే తల ఊపడం సులువు.

పక్కింటి రుక్మాబాయి పిట్టగోడ మీదికి వంగి తన వంతు వేసింది. "నేనప్పుడే అన్న. కుక్కను, పోరన్ని మూతి మూతి పెట్టి పండవెడ్తిరి. ఇగ ఏడిస్తె ఏమొస్తది సుమక్కా?"

అవును, పండబెట్టారు. మోతి ఆ ఇంట్లో ఆరేళ్ల నుంచి ఉంది. సుమలత మామ రామస్వామి బతికి ఉన్నప్పుడు చెరుకు బండ్ల దగ్గర దొరికిన కుక్కపిల్లను అంగీలో వేసుకొని తెచ్చాడు. ఆయన పోయాక అత్త దేవవ్వ తన జొన్నరొట్టెలో మొదటి ముక్క దానికే తుంచేది. చిన్ను పుట్టినప్పుడు తొట్టెల కింద అదే పడుకుంది. వాడు దాని తోక పట్టుకొని నిలబడటం నేర్చాడు, చెవులు నమిలాడు, వీపెక్కి నిద్రపోయాడు. కిక్కురుమనలేదు అది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక మాట అలవాటైంది. నల్లా నీళ్లు వచ్చినా, దుకాణానికి పోవాలన్నా, కార్ఖానకు పోవాలన్నా, "మోతి ఉన్నది గద" అనుకోవడం, గడప దాటడం. కొత్తకోడలిగా వచ్చినప్పుడు దాన్ని చూస్తేనే వణికిన సుమలత కూడా ఎన్నిసార్లు ఆ మాట అనలేదు?

"ఎట్లయింది అత్తమ్మా?" అని అడిగితే దేవవ్వ గోడ వైపు తిరిగే చెప్పింది. "పోరడు తోక గుంజిండు. అది గిర్రున తిరిగి అందుకున్నది. నేను గుంజేలోపటనే..." ఆ పూట అన్నం తినలేదు.

మర్నాటి నుంచి కాపలా మొదలైంది. నాగేందర్ తెల్లారకముందే ఆటో తీసుకొని పోతాడు. "పది దినాలు గానీ. దాన్ని సాలూర అవతల మహారాష్ట్రల పారేసి వస్త" అన్నది ఒక్కటే అతని మాట. దేవవ్వ ఆ దిక్కుకే రావడం లేదు. మిగిలింది సుమలత. బిడ్డ గాయం చూసుకునే చేతులతోనే కుక్క గిన్నెలో అన్నం వేసి, చీపురు కట్టెతో దూరం నుంచి నెట్టేది. గొలుసు చివర మోతి తోక ఊపేది. ఆ తోక ఊపడం చూస్తేనే సుమలతకు ఒళ్లు మండేది. నా బిడ్డ చెంప కొరికి, ఏమీ ఎరగనట్టు ఎట్లా ఊపుతున్నావే...

కూర్చుంటే కాలు నిలవదు. నాలుగు బీడీలు చుట్టి లేచేది. గిన్నెలో నీళ్లు తగ్గాయా? చొంగ కారుతున్నదా? చిన్ను తుమ్మితే చాలు, నీళ్ల గ్లాసు వాడి నోటికి పెట్టి మింగేదాకా గొంతు వైపే చూసేది. వాడు మాట మానేశాడు. వీధిలో ఏ కుక్క మొరిగినా నిలబడ్డచోటే తడిపేసుకునేవాడు. వాడి చెడ్డీ మార్చుతూ, మళ్లీ లేచి మోతిని చూసి, మళ్లీ వచ్చి చాట ఒళ్లో పెట్టుకునేది. ఆ వారం ఆమె చుట్టిన బీడీలు వదులుగా ఉన్నాయని కార్ఖానలో సగం ఏరి పక్కన పడేశారు.

మూడో రోజు ఒక సంగతి గమనించింది. మోతి ముందు కుడికాలు నేల మీద సరిగ్గా ఆనించడం లేదు. పాదం మీద వాపు ఉంది. పిల్లవాడు తోక గుంజితే కాలు వాస్తుందా? అసలు వాడు తోక గుంజడం కొత్తా? లక్షసార్లు గుంజాడు... ఆ ఒక్కనాడే ఎందుకు తిరిగింది? ఆ ప్రశ్న ఆమెను పొయ్యి దగ్గరా వదల్లేదు, పడకలోనూ వదల్లేదు.

ఆరో రోజు మధ్యాహ్నం. సుమలత వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. చిన్ను నడి గడపలో నిలబడి ఉన్నాడు, చెంప మీద కట్టుతో. లోపలినుంచి దేవవ్వ వేడినీళ్ల గుండి రెండు చేతులా పట్టుకొని వస్తోంది. వాకిలంతా ఫెళ్లుమనే ఎండ. పిల్లవాడు ఆమెకు ఎదురుగా రెండడుగుల దూరంలో ఉన్నాడు. దేవవ్వ ఆగలేదు. అడుగు మెల్లగా కూడా పడలేదు... సుమలత తడిచీర కింద పడేసి ఉరికి వాణ్ణి రెక్క పట్టి లాగింది. నీళ్లు తొణికి ఆమె మోచేతి మీద పడ్డాయి.

"ఎవలు? ఎవలది?" అన్నది దేవవ్వ.

సుమలతకు కాలిన చెయ్యి తెలియలేదు. "నేను అత్తమ్మా. చిన్ను గడపల నిలవడ్డడు. కనవడలేదా నీకు?"

"పొగ వోయిందే కండ్లల్ల."

గ్యాసు పొయ్యి మీద కాగిన నీళ్లకు పొగ ఎక్కడిది? సుమలత గుండి తీసుకొని కింద పెట్టింది. లోపలికి పోయి నానబెట్టిన తునికాకు ఒకటి, కత్తెర ఒకటి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"గీ ఆకు జర కత్తిరించి ఇయ్యి."

దేవవ్వ కదల్లేదు. దసరా నుంచి ఆమె ఆకు కత్తిరించడం మానేసింది. వేళ్లు గుంజుతున్నాయని చెప్పి, కత్తిరించే పని కోడలికి ఇచ్చి, తాను చుట్టడం పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? యాభై ఏళ్లుగా బీడీ చుట్టిన వేళ్లకు కళ్లతో పని లేదు. తంబాకు ఎంత పడ్డదో, మూతి ఎంత ముడవాలో, దారం ఎన్ని చుట్లో వేలికే తెలుస్తుంది. కోడలికంటే గట్టిగా, కోడలికంటే ఎక్కువ చుట్టేది. ఆ చేతులను చూశారు అందరూ, కళ్లను ఎవరూ చూడలేదు.

కత్తెర ఆకులో కాక ఆమె కొంగులో దిగింది. దేవవ్వ అక్కడే కూలబడింది.

"యాడాది అయితున్నదే సుమా. ముందుగాల మంచు లెక్కుండె. ఇప్పుడు మనిషి ఉన్నదని ఎరుకైతది గని, ఎవలో ఎరుకగాదు. కింద ఉన్నదైతె ఏదీ కనవడది."

"మరి ఆ దినం?"

"పోరడు నీళ్లన్నడు. లేసిన. నా మడిమె దాని కాలు మీద వడ్డది, నిండుగ. ఎముక కలుక్కుమన్నట్టు నాకే ఎరుకైంది. దానికి పానం పోయినంత పనాయె. తిరిగి అందుకున్నది... దాని మూతి కాడ నా కాలు లేకుండె. పోరని మొఖముండె."

"మరి పోరడు తోక గుంజిండని ఎందుకన్నవ్?"

దేవవ్వ కొంగులో దిగిన కత్తెరను తడిమి తీసి పక్కన పెట్టింది. సుమలత ఆగలేదు. "రెండున్నరేండ్ల పోరని మీద పెట్టినవా అత్తమ్మా తప్పు? వాకిట్ల నన్ను గన్ని మాటలంటుంటె ఇనుకుంట కూసున్నవా?"

"నిజం చెప్తె వాన్ని నా దగ్గరికి రానియ్యరు బిడ్డా..." దేవవ్వ చేతులు గాలిలో కోడలి చేతుల కోసం వెతికాయి. "మీ మామ పోయినంక నాకున్నది గాడొక్కడే. నాగేందర్‌కు చెప్పకే. నీ కాల్మొక్త."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

కఠినంగా అని లేచిపోయింది గానీ, తనను తాను కూడా వదిలిపెట్టలేదు. గుడ్డిది అబద్ధమాడింది, సరే. కళ్లున్న నేను ఏం చేశాను? యాడాది పాటు ఆమె తడుముకుంటూ నడుస్తుంటే ముసలితనం అనుకున్నాను. ఇల్లు గడుస్తున్నదని చూడలేదు. నా బిడ్డను కళ్లు కానరాని మనిషికీ, నోరు లేని కుక్కకూ అప్పజెప్పి... ఒకరు ఇంకొకరిని నమ్ముకొని ఉంటే, నేను ఇద్దరినీ నమ్ముకొని పోయాను.

ఆ నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. సుమలత కొడుకును చంక దించలేదు. కార్ఖానకు కూడా ఎత్తుకొనే పోయింది. ఒక కన్ను కుక్క మీద, ఒక కన్ను అత్త మీద. నాగేందర్ ఇంటికి వచ్చిన ప్రతిసారీ దేవవ్వ పెదవులు కదిలేవి, మళ్లీ మూసుకునేవి.

పదకొండో రోజు పొద్దున మోతి కడుపునిండా తిన్నది, నీళ్లు తాగింది, పిలిస్తే చెవులు నిక్కించింది. నాగేందర్ డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. "అయితే కుక్క గురించి భయం లేదు, పిల్లవాడి సూదులు మాత్రం మేం చెప్పినట్టు వేయించండి" అన్నది ఆమె. సుమలత పది రోజుల తర్వాత పూర్తిగా ఊపిరి పీల్చింది. అతను ఫోన్ జేబులో పెట్టి గొలుసు విప్పాడు, మోతిని ఎత్తి ట్రాలీలో కట్టేశాడు. మళ్లీ పిట్టగోడ మీద రుక్మాబాయి. మళ్లీ నలుగురు.

సుమలత అత్త వైపు చూసింది. నోరు విప్పలేదు. తాను చెప్పనని ఇచ్చిన మాట ఇచ్చిందే.

"ఆగు బిడ్డా" అన్నది దేవవ్వ. గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. "దాని కాలు నేను తొక్కిన. నాకు కండ్లు కనవడ్త లేవు. పోరడు తోక గుంజలే. నీ పెండ్లాం తప్పు గూడ లేదు. నేను అబద్ధమాడిన."

నాగేందర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆటో రేకు మీద చేత్తో ఒక్కటి కొట్టాడు. "అంటె గిన్ని దినాల సంది కండ్లు గానని మనిషి చేతిల పెట్టినమా పోరన్ని? ఒక్క మాట చెప్పద్దా అవ్వా?"

"తప్పే బిడ్డా. దాన్ని తోలుకపోతె నన్ను గూడ తోలుకపో. రెంజల్ల నా తమ్ముడు లింబయ్య కాడ దింపు. అది చేన్ల వడి ఉంటది, నేను గూడ ఉంట. పోరని కాడ ఉండొద్దంటె ఇద్దరం ఉండొద్దు." ఆమె ట్రాలీ ఎక్కడానికి చెయ్యి చాపింది. చెయ్యి గాలిలో పడింది. మళ్లీ చాపింది.

ఆ రెండోసారి సుమలత చూడలేకపోయింది. పోయి ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వెక్కడికీ పోవు అత్తమ్మా. మోతి పోవాలె. దాని తప్పు లేదు, అయినా పోవాలె. దాన్ని సూస్తె పోరడు ఉచ్చ వోసుకుంటున్నడు. దానికి నొప్పైతె కరుసుడు తప్ప ఏమెరుక? పోరన్ని కాసే పని మనది. మనం పోయి దాని నెత్తిన పెట్టినం. మహారాష్ట్రల పారేసుడు కాదు, రెంజల్ల లింబయ్య మామ చేన్ల ఉండనీ. నువ్వు మనిషివి. రేపే కండ్ల డాక్టరు కాడికి పోదాం. కండ్లు మంచిగయ్యేదాంక పోరడు నీ ఒళ్లె ఉంటడు, నేను ఎదురుంగ కూసుంట. నేను లేస్తె వాన్ని నాతోని లేపుకపోత. గంతే. గిండ్ల కోపం లేదు, మొహమాటం లేదు."

తర్వాత భర్త వైపు తిరిగింది. "నన్ను వాకిట్ల నిలవెట్టి అన్నవ్. వాపసు తీస్కునేది గూడ వాకిట్లనే తీస్కో."

నాగేందర్ రుక్మాబాయి వైపు చూశాడు. ఆమె తల దించుతుందేమోనని చూశాడు, దించలేదు. ఆటో ముందు చక్రం వైపు వంగి గాలి నొక్కి చూస్తున్నట్టు చేస్తూ, "నోరు జారిన. నువ్వు పోయింది పనికే" అన్నాడు. పెళ్లయిన ఐదేళ్లలో అతని నోట ఇంతకంటే పెద్ద మాట వినలేదు సుమలత. అది చాలునో చాలదో ఆలోచించడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

ఆటో కదిలింది. సుమలత చంకలో చిన్ను తల్లి మెడలో ముఖం దాచుకున్నాడు. దేవవ్వ కోడలి భుజం పట్టుకొని సందు చివరికి చెవి పెట్టింది.

"ఎటు సూస్తున్నదే అది? నా దిక్కు సూస్తున్నదా?"

మోతి ఆటో అంచు మీద గడ్డం పెట్టి, నాలుక బయటపెట్టి, ముందుకు చూస్తోంది. గాలికి దాని చెవులు వెనక్కి ఎగురుతున్నాయి. ఒక్కసారి కూడా తిరగలేదు.

"నీ దిక్కే సూస్తున్నది అత్తమ్మా" అన్నది సుమలత.

దేవవ్వ చెయ్యి పైకెత్తి ఊపింది. ఆటో పోయిన వైపు కాదు, రుక్మాబాయి ఇంటి గోడ వైపు. సుమలత ఆ చేతిని సరిచెయ్యలేదు. అది అలసిపోయి తనంతట తాను కిందికి దిగేదాకా పక్కనే నిలబడింది.