నది నిలిచిన నాడు

"పద్యాన్ని పంపుసెట్టు విప్పినట్టు విప్పకండి సత్యప్రసాద్ గారూ. బోల్టులు మిగిలిపోతాయి."

క్లాసంతా గొల్లుమంది. రాజమండ్రిలో టీచరు పోస్టుల కోచింగ్ సెంటర్ అది. అన్నది తోటి విద్యార్థిని హేమశ్రీ, అనిపించుకున్నది సత్యప్రసాద్. పెరవలి దగ్గర రైతుబిడ్డ. ఇంగ్లీషు పద్యమంటే అతనికి జ్వరం. ఆ మాటకి కోపం రావాలి. రాలేదు సరికదా, సాయంత్రం ఆమె దగ్గరికే వెళ్ళి "మరెలా విప్పాలో మీరే చెప్పండి" అన్నాడు. అబ్బాయిగారి పని అక్కడే అయిపోయింది.

వానాకాలమంతా ఆమె పాఠం చెప్పడం, అతను పాఠం వదిలేసి ఆమెను చూడడం. కార్తీకంలో, కోచింగ్ అయిపోయే ముందు, ధైర్యం తెచ్చుకుని మనసులో మాట చెప్పేశాడు.

హేమశ్రీ తలెత్తలేదు. "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారండి. మీరెప్పుడొచ్చి నాన్నగారితో మాట్లాడాలో, మొదట్లో మీరు బోల్టులు విప్పిన ఆ పాత ఇంగ్లీషు పద్యం చివరి లైన్లలో ఉంది. గైడు చూడకూడదు, ఎవర్నీ అడక్కూడదు. నా పాఠం మీకెంత ఎక్కిందో చూద్దాం."

ఆ పద్యంలో ఓ అమ్మాయి నదికి అవతల ఉంటుంది. పడవ లేదు, వంతెన లేదు. నది నిలిచిన నాడు నడిచి రమ్మంటుంది. నీళ్ళు మళ్ళీ కదిలాక వస్తే తాను వేరే ఇంటి మనిషినంటుంది. అది ఏ కాలమో మాత్రం చెప్పదు.

సత్యప్రసాద్ తిండి మానేసి ఆలోచించాడు. ఆనక ఎగిరి గంతేశాడు. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఇదో లెక్కా! ఏటా ఎండాకాలంలో రిపేర్లకని కాలువలు కట్టేసి నీళ్ళు ఆపేస్తారు. హేమశ్రీ వాళ్ళ ఇల్లు నిడదవోలులో కాలువగట్టు మీదే.

పుష్యమాసంలో ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. "లైన్లు అర్థమయ్యాయా అండి?"

"ఎప్పుడో అర్థమయ్యాయండి. సరిగ్గా టైముకి వస్తా."

ఆ తర్వాత ఆమె ఏమీ పంపలేదు. అతనూ పంపలేదు. పరీక్షలో మాట్లాడకూడదు కదా!

ఏప్రిల్లో కాలువ కట్టేశారు. వంతెన ఉన్నా ఎక్కలేదు మహానుభావుడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో నడిచి అవతలి గట్టెక్కాడు. హేమశ్రీ ఇంటి ముందు పెళ్ళిపందిరి వేస్తున్నారు.

గేటు దగ్గర ఆమె అతన్ని చూసి కొయ్యబారిపోయింది. "ఇప్పుడా అండి రావడం?"

"ఇవాళేగా... నీళ్ళు ఆగింది."

ఆమె కాలువకేసి చూసింది. అతని కాళ్ళకేసి చూసింది. "అయ్యో! చలికాలమండీ! ఆ పద్యం పుట్టిన దేశంలో చలికి నది గడ్డకడుతుంది. దాని మీద నడిచి వస్తారు. పుష్యమంతా వీధి గుమ్మంలోనే కూర్చున్నాను. మాఘంలో నాన్నగారు తాంబూలాలు పుచ్చుకున్నారు."

"ఒక్క ఫోను చెయ్యకపోయారా?"

"అర్థమైందన్నారు. రాలేదు. మనసు మారిందనుకున్నాను. బతిమాలడానికి సిగ్గేసింది."

ఇద్దరి తెలివితేటలూ తగలబడ! ఒక్క ముక్క విప్పి చెప్పుకుంటే పోయేదానికి.

"ఇప్పుడు మాట్లాడనా మీ నాన్నగారితో?" మడిచిన ప్యాంటు కిందికి దించుకుంటూ అడిగాడు.

"శుభలేఖలు పంచేశారండి. ఆయన మొహం చూసి కాదనలేను. అంత ధైర్యం నాకు లేదు."

అంతలో తండ్రి బంగార్రాజు పందిరి కింద నుంచి వచ్చాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"కోచింగ్‌లో నాతో చదివారు నాన్నగారూ. పద్యంలో ఏవో లైన్లు అర్థం కాలేదని వచ్చారు."

"ఇంత ఎండలోనా! ఎంత శ్రద్ధయ్యా నీకు! ఇప్పుడు అర్థమైందా బాబూ?"

"అయ్యిందండి."

"అయితే కాళ్ళు కడుక్కుని రా. భోజనం చేసి వెళ్దువుగాని."

కాదంటే ఏమనుకుంటారోనని అతను కూర్చున్నాడు. హేమశ్రీయే వడ్డించింది. "పెరుగు వెయ్యమంటారా?" అని అడిగింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని తల వంచుకుని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.